అన్నం పెట్టిన ఇంటిని జాబితాలోంచి తీసేశాను

ఈమధ్య ఇద్దరు అమ్మాయిలు చోడవరంలో మా ఇంటికి వచ్చారు. నేను పనిచేసి రిటైరైన స్వచ్ఛంద సంస్థలోనే కొత్తగా చేరారట. ఈ ఏడు మళ్ళీ వానలు మొహం చాటేశాయి కదా, బుచ్చయ్యపేట వైపు పల్లెల్లో కరువు సర్వే చేస్తున్నారు. చేతుల్లో ట్యాబులు, మెడల్లో కార్డులు. వాళ్ళలో దివ్య అనే అమ్మాయి కాఫీ తాగుతూ, "మేడం, ఇన్నేళ్ళు ఈ పని చేశారు కదా, మాకు పనికొచ్చేది ఏదైనా రాసిస్తారా?" అని అడిగింది.

సరే అన్నాను. తీరా కాగితం ముందు కూర్చుంటే ఏం రాయాలో తోచలేదు. ఏ ట్రైనింగుకి ఏ ఊరు వెళ్ళానో, ఏ ఏడు ఏ హోదా ఇచ్చారో మీకెందుకు? నాకే సరిగ్గా గుర్తులేదు. గుర్తున్నదల్లా ఒక ఇల్లు, ఆ ఇంట్లో తిన్న ఒక భోజనం. ఇప్పటికీ మధ్యాహ్నం కంచం ముందు కూర్చున్నప్పుడు ఒక్కోసారి ఆ ఇల్లు గుర్తొచ్చి ముద్ద దిగదు. ఆ ఇంటికి మళ్ళీ వెళ్ళాలని, వీధి వసారాలో చాప మీద కాకుండా లోపల పొయ్యి పక్కన కూర్చోవాలని ఎన్నేళ్ళుగానో మనసు పీకుతోంది. అందుకని దాని గురించే రాస్తాను. మధ్యలో కాస్త కోప్పడతాను, పట్టించుకోకండి. అది నా స్వభావం.

పచ్చగా కనిపించే కరువు

మన వైపు కరువని చెబితే ఎవరూ నమ్మరు. మొదటి చిక్కు అదే. విశాఖ ఆఫీసు నుంచి కార్లో వచ్చే పెద్దలకి అనకాపల్లి దాటిన దగ్గర్నుంచి రోడ్డుకి రెండు పక్కలా చెరకు తోటలు కనిపిస్తాయి. "ఇంత పచ్చగా ఉంటే కరువేంటండీ?" అని నా మొహం మీదే నవ్విన ఆయన ఒకరున్నారు. కారు దిగమన్నాను. బూట్లకి మట్టి అంటుకుంటుందని దిగలేదు. మట్టి అంటుకునేంత తడి ఎక్కడుంది నా మొహం! నేల నెర్రెలిచ్చి చెప్పు దిగబడేలా ఉంది.

చెరకు మొండిది. పైన ఆకు చాలా రోజులు పచ్చగానే ఉంటుంది. కింద గడ బెండు బారి బరువు ఉండదు. వరి అలా కాదు, నారుమడిలోనే మాడిపోతుంది. వరి పోతే గడ్డి పోతుంది, గడ్డి పోతే పశువు పోతుంది. మనుషులు చివర్న. అందుకే ఊళ్ళోకి వెళ్ళగానే ముందు పశువుల సాలలోకి చూడమని నేర్పారు మా ఆఫీసర్ రమణగారు. వ్యవసాయ శాఖలో చేసి మా సంస్థకి వచ్చినాయన. ఎండలో తలకి తువ్వాలు చుట్టుకుని తిరిగేవారు. ఆయన దగ్గర నేర్చుకున్నంత నేను ఏ పుస్తకంలోనూ నేర్చుకోలేదు.

రమణగారి పైన ఇంకొకాయన ఉండేవారు. ఆయనకి బ్యానరు కావాలి, బ్యానరు ముందు చెయ్యి చాపిన రైతు కావాలి, ఆ రైతు నవ్వాలి. ఒకసారి వడ్డాదిలో దాణా పంచుతుంటే ఒక ముసలాయన బస్తా అందుకుంటూ తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. "తువ్వాలు తియ్యవయ్యా, ఫొటోలో పడవు" అన్నారు ఈయన. "పడకూడదనే కదా బాబూ" అన్నాడు ముసలాయన. ఆ మాట విని నేను పక్కకి తిరిగి నవ్వాను. ఇంటికెళ్ళాక ఏడ్చాను.

ఆ సార్ హయాంలోనే ఒకసారి ఎక్కడి నుంచో గోధుమలు పంపించారు. బియ్యం తినే ఊళ్ళకి గోధుమలు! పిండి ఆడించుకోవాలంటే వడ్డాది మరకి మోసుకెళ్ళాలి. సగం మంది ఉడకబెట్టి గేదెలకి పెట్టేశారు. పై ఆఫీసుకి మాత్రం 'లబ్ధిదారులు సంతోషించారు' అని రిపోర్టు వెళ్ళింది. గేదెలు సంతోషించిన మాట నిజమే.

ఇవన్నీ వాళ్ళ తప్పులు. నా తప్పు ఇంతకంటే పెద్దది.

ఆ భోజనం

ఇరవై ఏళ్ళు దాటింది. బుచ్చయ్యపేట అవతల ఒక చిన్న పల్లె. పేరు రాయను. ఆ ఏడు పశువులున్న పేద ఇళ్ళకి ఎండుగడ్డి, దాణా ఇవ్వాలని మా సంస్థ అనుకుంది. అందరికీ చాలదు కాబట్టి ఇంటింటికీ వెళ్ళి అవసరం ఉన్నవాళ్ళ జాబితా తయారు చెయ్యడం నా పని. ఫారంలో ఒక గడి ఉండేది, ఇంట్లో రోజూ ఏం తింటున్నారని. రెండు పూటలా వరి అన్నం తినే ఇంటికి గడ్డి లేదు. అదీ నియమం.

పైడమ్మ ఇంటికి వెళ్ళేసరికి మిట్టమధ్యాహ్నం. పైడమ్మ అంటే నూకరాజు భార్య. నా ఈడుదే. ఎకరం లోపు వరి, కాస్త చెరకు, ఒక ఆవు. ఆవు నుదుటి మీద తెల్ల చుక్క, అందుకని సుక్క అని పిలిచేవారు. చూడితో ఉంది. పక్కటెముకలు బయటపడ్డాయి గానీ కళ్ళల్లో ఇంకా జీవం ఉంది. పైడమ్మ మాట్లాడుతూనే దాని మెడ నిమురుతోంది.

"ఇది ఈనితే సాలమ్మా, మా ఇల్లు నిలబడీద్ది," అంది.

ఆమె చెప్పినదంతా అదొక్కటే. గడ్డి కావాలని అడగలేదు.

నేను లేవబోతుంటే, "అదేటమ్మా, అన్నం ఏళప్పుడు గడప దిగిపోతారేటి? తినెల్లండి," అంది. మన వైపు ఆ వేళప్పుడు వచ్చిన మనిషిని ఊరికే పంపరు, పెట్టింది వద్దనడమూ మర్యాద కాదు. నేనూ చోడవరం పిల్లనే కదా, నాకు తెలియనిది కాదు. వసారాలో చాప వేసింది. కాసేపటికి వేడివేడి అన్నం, పప్పు, ఇంత ఆవకాయ. ఎండలో పొద్దున్నుంచీ తిరిగిన ఆకలి. ఎంత బావుందో! రెండోసారి కూడా వేయించుకున్నాను.

"నువ్వూ కూర్చో పైడమ్మా," అన్నాను.

"నాను తినీసేనమ్మా, బేగి తినీసేను," అని గుమ్మం దగ్గర నిలబడి విసనకర్రతో ఈగలు తోలింది.

చెయ్యి కడుక్కుని ఫారం తీశాను. ఏం రాయాలి? 'వీళ్ళకి తిండి లేదు' అని రాయాలా? అన్నం తిన్న చేత్తోనే ఆ ఇంటిని ఏమీ లేని ఇల్లని రాయడానికి నాకు మనసు రాలేదు. అది వాళ్ళని తక్కువ చెయ్యడంలా అనిపించింది. పైగా కళ్ళారా చూశాను, కడుపారా తిన్నాను. 'రెండు పూటలా వరి అన్నం' అని రాశాను. రాసి, అన్నం పెట్టిన ఇంటి పరువు నిలబెట్టానని తృప్తిగా బయల్దేరాను.

జాబితాలో పైడమ్మ పేరు లేదు.

పిల్లలెక్కడున్నారు?

రెండు వారాల తర్వాత ఆ ఊళ్ళో గడ్డి పంచాం. పైడమ్మ రాలేదు. పక్కింటి అప్పలకొండ వచ్చింది. ఆమె నోటికి ఊరంతా భయపడుతుంది. గడ్డి మోపు ఎత్తుకుంటూ నా దగ్గర ఆగింది.

"ఏటమ్మా, పైడమ్మ పేరు నేదేటి?"

"వాళ్ళు రెండు పూటలా అన్నం తింటున్నారు కదమ్మా. నేను తిన్నాను కూడా."

అప్పలకొండ మోపు కింద పడేసింది. "ఓలమ్మో! ఆ బియ్యం నాయి. మీరు వసారాలో కూకున్నప్పుడు గోడెనక నించి వచ్చి తవ్వెడు బియ్యం అట్టుకెల్లింది. ఆ ఇంట్లో అన్నం వొండి ఎన్నాళ్ళైందో ఎవుల్ని అడిగినా సెప్తారు. సోడంబలి తాగి బతుకుతన్నారు. అదీ ఒక్క పూటే. మీకు పెట్టి మీ సేత్తోనే పేరు తీయించుకుందా, మాయదారి మనిషి!"

చోడి అంబలి అంటే రాగుల జావ, మీకు తెలిసే ఉంటుంది. ఇప్పుడు పట్నంలో ఆరోగ్యానికి మంచిదని తాగుతున్నారు. అప్పుడది ఏమీ లేనివాళ్ళ తిండి. అతిథి ముందు పెట్టేది కాదు.

అక్కణ్ణుంచే రమణగారి దగ్గరికి పరిగెత్తాను. అంతా చెప్పాను. ఆయన తిట్టలేదు. తిట్టినా బావుండేది.

"నువ్వు తింటున్నప్పుడు ఆవిడ ఎక్కడుందమ్మా?" అని అడిగారు.

"గుమ్మం దగ్గర నిలబడిందండి."

"పిల్లలు?"

ఆలోచించాను. ముగ్గురు పిల్లలని ఫారంలో నేనే రాశాను. ఒక్కరినీ చూడలేదు. "ఆడుకోడానికి వెళ్ళుంటారండి," అన్నాను.

"అన్నం ఉడుకుతున్న వాసన వస్తుంటే పిల్లలు ఆడుకోడానికి వెళ్తారా అమ్మా?"

అంతే అన్నారు. నా ముందు అన్నం అడుగుతారని ఆమె పిల్లల్ని బయటికి పంపేసిందన్న మాట ఆయన నోటితో అనలేదు. నాకే అర్థమైంది. రెండోసారి వేయించుకున్న ఆ గరిటెడు అన్నం ఎవరిదో కూడా అప్పుడే అర్థమైంది. ఆ రాత్రే కాదు, ఆ ఏడంతా నాకు అన్నం సయించలేదు.

మర్నాడు పొద్దున్నే ఆటోలో గడ్డి మోపులు వేయించుకుని నేనే వెళ్ళాను. సాల ఖాళీగా ఉంది. మేత లేక ఈనేలోపే చచ్చిపోతుందన్న భయంతో మూడు రోజుల కిందటే సంతకి తోలేశారు. కట్టుతాడు ఇంకా గుంజకే ఉంది. నూకరాజు ఇటికల బట్టీ పనికి వెళ్ళిపోయాడు. పైడమ్మ ఒక్కతే ఉంది.

"క్షమించు పైడమ్మా, నేను తప్పు రాశాను," అన్నాను.

"మీరేటి సేత్తారమ్మా? ఉన్నదే రాసేరు," అంది. "గడ్డి మాకెందుకింక, అప్పలకొండకి ఇచ్చీండి. దాని గేదుంది." కొంగుతో మొహం తుడుచుకుని మళ్ళీ అదే మాట. "ఏళప్పుడొచ్చేరు. అన్నం తినెల్లండి."

"తినేసే వచ్చానమ్మా," అని అబద్ధం చెప్పాను.

తినేసే వచ్చాను

ఆ తర్వాత ఆ ఊరు ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు. పని లేకపోయినా వెళ్ళేదాన్ని. పైడమ్మ పేరు ఆ తర్వాత జాబితాలన్నిట్లోనూ ఉంది. నూకరాజు తిరిగొచ్చాడు, వానలు పడ్డాయి, మెల్లగా ఇంకో ఆవు వచ్చింది. పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. పెద్దవాడు ఆటో కొనుక్కున్నాడు, పెళ్ళయి కోడలొచ్చింది. పైడమ్మ నన్ను చూసి ఎప్పుడూ మొహం ముడుచుకోలేదు. అదే చాప, అదే వసారా. "అన్నం తినెల్లండి" అనేది ఆమె. "తినేసే వచ్చాను" అనేదాన్ని నేను. "మరి నువ్వు?" అంటే "నాను తినీసేను" అనేది. ఏళ్ళ తరబడి ఇద్దరం ఒకరికొకరు అదే అబద్ధం చెప్పుకున్నాం.

నాకు ఏం కావాలో చెప్తే మీరు నవ్వుతారేమో. ఆమె వండుకున్నది, వాళ్ళు తినేది నాకు పెట్టాలని ఉండేది. "ఇదే ఉందమ్మా, తాగండి" అని ఒక గ్లాసు అంబలి నా చేతిలో పెడితే చాలు. అలా పెడితే నేను పరాయిదాన్ని కాననుకునేదాన్ని. అన్నం పెట్టినంత కాలం నేను అతిథినే, ఆఫీసు మనిషినే. రిటైరైన రోజు దండ వేసి శాలువా కప్పారు. ఆ శాలువా ఎక్కడుందో తెలీదు గానీ, అందని ఆ గ్లాసు మాత్రం తలపుకి వస్తూనే ఉంది.

ఒకసారి ఉండబట్టలేక అడిగేశాను కూడా. "అంబలి కాచి పెట్టవే పైడమ్మా."

నవ్వేసింది. "ఎక్కడి అంబలమ్మా! సోళ్ళు పండించీవోళ్ళే నేరు. మా మనవలు ముట్టుకోరు," అంది.

సంతోషించాలి కదా. ఇంటికొచ్చేదాకా దిగులుగానే ఉన్నాను. మనిషి మనసంత తిక్కది ఇంకోటి లేదు.

మొన్న

ఇక్కడి వరకూ రాసి పెట్టాను. దీన్ని తీసుకెళ్దామని దివ్య మొన్నామధ్య మళ్ళీ వచ్చింది. ఆ పల్లె సర్వే అయిపోయిందట. మాటల్లో, "ఆ ఊళ్ళో వాళ్ళు ఎంత మంచివాళ్ళో మేడం! ఒక పెద్దావిడ మమ్మల్ని అన్నం తినకుండా పంపలేదు. పప్పు ఎంత బావుందో, నేను రెండోసారి వేయించుకున్నాను," అంది.

"ఆవిడ పేరు?"

పైడమ్మే.

"ఆవిడ మీతో తిందా?"

"లేదు మేడం, తినేశానంది."

"మనవలు?"

దివ్య ట్యాబు చూసింది. "ఇద్దరున్నారు మేడం. కానీ... కనపడలేదు."

"ఏం రాశావు?"

"రెండు పూటలా అన్నమని. గడ్డి జాబితాలో లేరు. ఎల్లుండి ఫైనల్ అయిపోతుంది."

రాయడం ఇంకా పూర్తి కాలేదని చెప్పాను. ఆ అమ్మాయి వెళ్ళగానే చెప్పులేసుకుని బస్టాండుకి వెళ్ళి వడ్డాది ఆటో ఎక్కాను. అక్కణ్ణుంచి ఇంకో ఆటో. మోకాళ్ళ నొప్పులు, డాక్టరు మాటలు అన్నీ ఇంట్లోనే వదిలేశాను. మిట్టమధ్యాహ్నానికి ఊళ్ళో ఉన్నాను. ఈసారి వీధి వైపు వెళ్ళలేదు. పెరట్లోంచి నేరుగా వంటింటి గుమ్మంలోకి వెళ్ళాను. దారిలో సాలలోకి చూశాను. ఆవు ఉంది. పక్కటెముకలు బయటపడ్డాయి. పక్కన దూడ.

పొయ్యి ముందు పైడమ్మ, ఇద్దరు మనవలు, కోడలు. కుండలోంచి గ్లాసుల్లోకి అంబలి పోస్తోంది. నన్ను చూసి గరిటె వదిలేసింది.

"ఓలమ్మ! ఇటు నించొచ్చేరేటమ్మా! ఎల్లండి, వసారాలో కూకోండి, క్షణంలో అన్నం వొండీస్తాను. ఒసే, బేగి అప్పలకొండత్త ఇంటికెల్లి..."

కోడలు లేవబోతుంటే నేను పైడమ్మ చెయ్యి పట్టుకున్నాను. "బియ్యం కోసమే కదా?"

పైడమ్మ తల దించుకుంది.

"నేను తినలేదు పైడమ్మా. ఇన్నేళ్ళూ ఎప్పుడూ తినేసి రాలేదు. ఆకలేస్తోంది. ఏదుంటే అదే పొయ్యి."

"ఇది మీరు తాగనేరమ్మా."

"నువ్వు తాగుతున్నావు కదా?"

"మాకంటే అలవాటు."

"నాకూ అలవాటు చెయ్యి," అని అక్కడే నేల మీద కూర్చున్నాను. నా మోకాళ్ళు కలుక్కుమంటే మనవరాలు కిసుక్కున నవ్వింది. పైడమ్మ స్టీలు గ్లాసు కడిగి, నిండా పోసి, ఉల్లిపాయ ముక్క చేతిలో పెట్టింది. పల్చగా ఉంది. ఉప్పు తక్కువైంది. గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఆపలేదు.

"నువ్వూ తాగు," అన్నాను.

నాను తినీసేను అంటుందనుకున్నాను. అనలేదు.

"నానూ తిన్నేదమ్మా," అంది. నా పక్కన కూలబడి తనూ ఒక గ్లాసు పోసుకుంది. ఇన్నేళ్ళలో ఆమె నా ముందు నోట్లో ఏదైనా పెట్టుకోవడం అదే మొదటిసారి. తాగుతూ తాగుతూ, "ఆ ఆఫీసు గుంటల్ని తిట్టీకండమ్మా. ఇష్టంగా తిన్నారు, కడుపు నిండిపోనాది నాకు," అంది. అప్పుడు నాకు ఏడుపు ఆగలేదు.

ఇంటికి రాగానే దివ్యకి ఫోన్ చేసి ఆ ఇంటి పేరు జాబితాలో చేర్చమన్నాను. "నేను రెండోసారి వేయించుకున్నాను మేడం," అంది. నేనూ వేయించుకున్నానులే తల్లీ అన్నాను. పేరు ఎక్కించబోతూ, "యాప్‌లో ఆధారం అడుగుతోంది మేడం. ఏం రాయను?" అంది.

"ఆ ఇంట్లో నాకు అంబలి పోశారని రాయి," అన్నాను.

ఎక్కించింది. ఈసారి గడ్డి వేళకి చేరింది. ఆవు సాలలోనే ఉంది.

అమ్మాయిలూ, మీకు పనికొచ్చేది రాయమన్నారు. ఇంతే నా దగ్గరున్నది. వీధి గుమ్మంలోంచి కాదు, పెరట్లోంచి వెళ్ళండి. అన్నం పెడితే తినండి, వద్దనకండి, కానీ పిల్లలెక్కడున్నారో చూశాకే ముద్ద ఎత్తండి. ఇన్నేళ్ళు ఆ అంబలి గ్లాసు కోసం తపించాను. అది చేతికి అందాకే తెలిసింది, నేను కోరుకోవాల్సింది అది కాదని. మళ్ళీ వానలు పడతాయి. ఆ ఇంట్లో మళ్ళీ వాళ్ళ సొంత బియ్యం ఉడుకుతుంది. పైడమ్మ మీకు వడ్డించి గుమ్మం దగ్గర నిలబడుతుంది. అప్పుడు ఇంకో కంచం తెచ్చి ఆమెని మీ పక్కన కూర్చోబెట్టండి. మనవల్ని పిలవండి. ఆమె అన్నం కలుపుకున్న రోజున నాకు ఒక్క ఫోన్ చెయ్యండి. ఏ వేళైనా సరే ఆటో ఎక్కేస్తాను. తినకుండానే వస్తాను.